ఊరి లెక్కలో వాడ నీళ్ళు: మంచినీటి పథకాలు, ఢిల్లీ విధానాలు, మన అనుభవం

మంచినీళ్ళ పథకాల చరిత్ర రాసేవాళ్ళు మామూలుగా పంచవర్ష ప్రణాళికలతో మొదలుపెడతారు. మేము కారంచేడు చెరువు గట్టు మీంచి మొదలుపెడతాం. 1985 జూలై 16 సాయంత్రం మాదిగలు తాగే చెరువు నీళ్ళను గేదెల కుడితితో పాడుచేస్తుంటే ఒక మాదిగ యువకుడు అదేమిటని అడిగాడు. అతణ్ణి కొట్టబోతే, నీళ్ళ కోసం వచ్చిన మున్నంగి సువార్త చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు ఊరి భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు చేశారు. ఆ తర్వాత చీరాల శిబిరం, దళిత మహాసభ పుట్టుక, ఆ ఉద్యమ చరిత్ర పాఠకులకు తెలిసిందే. అది మళ్ళీ చెప్పడం మా ఉద్దేశం కాదు. మేము అడగదలుచుకున్నది ఒక చిన్న ప్రశ్న. ఆ రోజున ప్రభుత్వ లెక్కల్లో కారంచేడు లాంటి ఊరికి నీటి సమస్య ఉన్నట్టా, లేనట్టా?

అది కరువు ఊరేం కాదు. కాలువల కింది సంపన్న గ్రామం. అప్పటికి ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ తాగునీటి దశాబ్దం (1981–90) సరిగ్గా సగంలో ఉంది. కేంద్రం కొలమానం ఏమిటంటే, మైదాన ప్రాంతంలో 1.6 కిలోమీటర్ల లోపల మంచినీళ్ళు దొరక్కపోతే అది 'సమస్యాత్మక గ్రామం'. ఈ కొలతతో చూస్తే చెరువూ కాలువా ఉన్న ఊరు సమస్యల జాబితాలోకి రావడమే కష్టం. ఆ చెరువులో ఎవరు తాగుతారు, ఎవరు గేదెల్ని కడుగుతారు, అడిగినవాడికి ఏమవుతుంది అన్న ప్రశ్నలకు ఆ ఫారంలో గడి లేదు. ఆ తర్వాత నలభై ఏళ్ళలో ఢిల్లీ ఆ ఫారాన్ని చాలాసార్లు మార్చింది. మార్చిన ప్రతిసారీ రాష్ట్రం తన రిజిస్టర్లను దిద్దుకుంది. ఈ వ్యాసం ఆ దిద్దుబాట్ల గురించి.

కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తెచ్చిన తీర్మానం వల్ల ప్రభుత్వ దారులు, బావులు, చెరువులు అందరికీ చెందుతాయని మద్రాసు సర్కారు ఒప్పుకుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలో భాగమే గనక ఆ ఉత్తర్వు మనదీ. మరోపక్క అదే సర్కారు లేబర్ కమిషనర్ శాఖ ద్వారా 'అణగారిన వర్గాల' కోసం విడిగా బావులు తవ్వించడం మొదలుపెట్టింది. ఒక చేత్తో అందరి బావీ మీదేనని కాగితం, ఇంకో చేత్తో మీ బావి మీకు వేరే. ఈ రెండు చేతుల వ్యవహారం తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వానికీ వారసత్వంగా దక్కింది.

అంబేడ్కర్‌కు ఈ తేడా బాగా తెలుసు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగింది దాహం కోసం కాదు గదా. ఆ చెరువు మీద హక్కు ఉందని బొంబాయి హైకోర్టు చెప్పేసరికి 1937 వచ్చింది. 1932 నవంబరులో ఓడ మీంచి ఠక్కర్‌కు రాసిన ఉత్తరంలో అస్పృశ్యతా నివారణ సంఘం చేయాల్సిన మొదటి పనుల్లో ఊరి బావుల మీద హక్కు కోసం పోరాటాన్ని ఆయన చేర్చాడు. ఆ సంఘం నడిచిన దారి వేరు. దాన్నిక్కడ పొడిగించం.

రాజ్యాంగం వచ్చింది. 15వ అధికరణం రెండో క్లాజు ప్రకారం ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాల వాడకంలో కులం పేరుతో అడ్డు ఉండకూడదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. ఏడో షెడ్యూలు మాత్రం నీటి సరఫరాను రాష్ట్ర జాబితాలో 17వ అంశంగా పెట్టింది. అంటే హక్కును కేంద్ర స్థాయి రాజ్యాంగం హామీ ఇస్తుంది, నీళ్ళను రాష్ట్రం ఇవ్వాలి, డబ్బు ఢిల్లీ దగ్గర ఉంటుంది. రాష్ట్ర పరిధిలోని అంశం మీద కేంద్రం నేరుగా శాసించలేదు. కానీ నిధులకు షరతు పెట్టగలదు. మన మంచినీటి విధానం మొత్తం ఈ షరతుల చరిత్రే.

1954లో జాతీయ నీటి సరఫరా కార్యక్రమం పెట్టారు. పెద్దగా చెప్పుకోవడానికేం లేదు, పట్నాలు బాగుపడ్డాయి. అసలు మలుపు 1972–73లో వచ్చింది. త్వరిత గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమం పేరుతో కేంద్రం నూటికి నూరు శాతం గ్రాంటు ఇచ్చింది. రెండేళ్ళు తిరక్కుండానే, అయిదో ప్రణాళికలో కనీస అవసరాల కార్యక్రమం వచ్చిందని చెప్పి 1974–75లో దాన్ని ఆపేసింది. ఇక మీ డబ్బుతో మీరే చేసుకోండని రాష్ట్రాలకు వదిలేసింది. రాష్ట్రాలు చేయలేదు, లేదా చేయలేకపోయాయి. పని జరగడంలేదని చెప్పి 1977–78లో మళ్ళీ తెచ్చారు. ఈసారి రాష్ట్రం తన కనీస అవసరాల పద్దు నుంచి సమాన వాటా పెట్టాలన్న షరతుతో. ఇస్తారు, ఆపుతారు, మళ్ళీ ఇస్తారు. ఈ ఆటలో ఇంజనీరింగ్ శాఖ నేర్చుకున్న పాఠం ఒకటుంది. డబ్బు వచ్చిన ఏడాదిలోనే చూపించగలిగే పని చేయాలి. చెరువుకు కాపలా, నీటి మీద హక్కు, కాలనీకి స్థలం, ఇవి మార్చి 31లోపు చూపించగలిగేవి కావు. బోరు చూపించవచ్చు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. 1972 నాటికి దేశంలో సమస్యాత్మక గ్రామాలు 1.53 లక్షలు అన్నారు. కోట్లు ఖర్చయ్యాక 1980లో లెక్కేస్తే 2.31 లక్షలు తేలాయి. నీళ్ళిచ్చినకొద్దీ నీళ్ళులేని ఊళ్ళు పెరగడమేమిటని నవ్వుకోవచ్చు. కొంత భూగర్భజలం పడిపోవడం, కొంత పాత సర్వే గుడ్డిది కావడం. ఆ గుడ్డితనంలో అసలు మర్మం 'గ్రామం' అన్న మాటలో ఉంది. లెక్కకు యూనిట్ రెవెన్యూ గ్రామం. ఊరి నడుమ రామాలయం దగ్గర ఒక మంచినీళ్ళ బావి ఉంటే ఆ గ్రామానికి నీళ్ళున్నట్టే. మాలపల్లి, మాదిగగూడెం ఆ గ్రామంలో అంతర్భాగమే గనక వాళ్ళకీ ఉన్నట్టే. బావి గట్టు కింద నిలబడి ఎవరో ఒకరు తోడిపోస్తారా అని ఎదురుచూసే తల్లిని ఆ సర్వే 'నీళ్ళు అందినవారి'లో కలిపేసింది. పైనుంచి ధార పోస్తుంటే కింద దోసిలి పట్టి తాగిన జ్ఞాపకం ఇది చదువుతున్న వారిలో చాలామందికి ఉంటుంది. మీరంతా ప్రభుత్వ లెక్కల్లో అప్పుడు 'కవర్' అయిపోయినవాళ్ళే.

బోరింగు గురించి కాస్త ఆగి చెప్పాలి. డెబ్బైల చివర్లో ఇండియా మార్క్–2 చేతిపంపు వచ్చింది. యూనిసెఫ్ సాయంతో రూపొందిన గట్టి ఇనుప పంపు. 250 మందికి ఒకటి, మనిషికి రోజుకు 40 లీటర్లు అన్నది కేంద్రం కొలత. ఎనభైల్లో బోరు బండి వాడలోకి రావడం ఒక పండగ. పిల్లలు బండి వెనక పరిగెత్తేవాళ్ళు. నీళ్ళు పడ్డ రోజున కొబ్బరికాయ కొట్టేవాళ్ళు. ఊరి పంపుల గురించి ఏమన్నా అనుకోండి గానీ, వాడలో పడ్డ ఆ పంపు మన ఆడవాళ్ళ నడుముకు, మాటకు చేసిన మేలు చిన్నది కాదు. ఒకరి దయకోసం చూడకుండా, తిట్టు పడకుండా, తన చేత్తో తాను కొట్టుకుని బిందె నింపుకోవడం మొదటిసారి. మేధావులు కొందరు దాన్ని 'వేర్పాటు బోరింగు' అని కొట్టిపారేస్తారు. నీళ్ళు మోసినవాళ్ళెవరూ అలా అనరు.

అయితే దాని రెండో ముఖమూ చూడాలి. వాడకు బోరింగు వేశాక ఊరి బావి మీద హక్కు అడిగే అవసరం 'తీరిపోయింది'. మీ పంపు మీకుందిగదా, ఇటెందుకొచ్చారు? పంపు చెడిపోయి వారాల తరబడి పడున్నా అదే మాట. 15వ అధికరణం అందరి బావీ అందరిదీ అంటుంటే, అధికరణాన్ని అమలుచేయకుండానే నీళ్ళిచ్చే ఉపాయం ప్రభుత్వానికి దొరికింది. కేంద్రం కూడా దీనికి డబ్బు కట్టింది. ఏ ఆర్డీవో, ఏ పోలీసు ఊరి బావి దగ్గర నిలబడాల్సిన పని లేకుండా పోయింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మార్చుకుని పుస్తకంలో ఉంది. ఊళ్ళో బోరింగు ఉంది. రెండూ ఒకదాన్నొకటి కలవలేదు.

పంపు నీళ్ళు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు నమోదుచేశారు. నల్లగొండ పేరు మీద ఫ్లోరైడ్ తీసే పద్ధతే ఒకటి డెబ్బైల్లో నాగపూర్ సంస్థ కనిపెట్టింది. ఆ జిల్లాకు దక్కిన కీర్తి అది. డబ్బున్నవాడు వేరే నీళ్ళు తెప్పించుకుంటాడు, లేనివాడు ఆ బోరునే నమ్ముకుంటాడు. రాతి నేలలో బోరు ఎంత లోతుకు పోతే ఫ్లోరైడ్ అంత పైకి వచ్చే చోట్లున్నాయి.

కారంచేడు జరిగిన మరుసటి ఏడాది, 1986లో, రాజీవ్ గాంధీ ప్రభుత్వం తాగునీటి టెక్నాలజీ మిషన్ పెట్టింది. దాని కింద ఉపమిషన్లు: నారికురుపు నిర్మూలన, ఫ్లోరైడ్, ఉప్పునీళ్ళు, ఇనుము, శాస్త్రీయంగా నీటి జాడ కనిపెట్టడం. 1991లో దానికి రాజీవ్ గాంధీ పేరే పెట్టారు. ఇందులో నారికురుపు కథ నిజంగా విజయగాథ, ఒప్పుకోవాలి. దిగుడు బావుల్లో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకోవడం వల్ల వ్యాపించే ఆ జబ్బు చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశానికి సర్టిఫికెట్ ఇచ్చింది. ప్రతి బావినీ వెతికి, ప్రతి రోగినీ రాసుకుని, మెట్లు మూసి, మందు వేసి పురుగును తరిమారు. అంత పట్టుదల రాజ్యానికి ఉండగలదని అది రుజువు. నీళ్ళలోని పురుగుకు, ఉప్పుకు, ఇనుముకు ఒక్కో ఉపమిషన్ పెట్టిన ఢిల్లీ నీళ్ళ దగ్గరి అంటరానితనానికి ఉపమిషన్ పెట్టలేదు. సువార్త బిందె ఎత్తి సంవత్సరం కూడా గడిచీ గడవకముందు సంగతిది. ఆ బాధ్యత చివరికి నేరచట్టానికి పోయింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ఎస్సీ, ఎస్టీలు వాడే నీటిని మురికి చేయడం శిక్షార్హమైన నేరమైంది. ఆ క్లాజు చదివినప్పుడల్లా మాకు కారంచేడే గుర్తొస్తుంది.

కేంద్ర విధానాల్లో వచ్చిన మార్పులన్నింటిలోకీ మనకు నిజంగా పనికొచ్చింది ఒకటుంది. అది పెద్ద ప్రకటనలేవీ లేకుండా వచ్చింది. 1991–94 మధ్య జరిగిన సర్వేలో లెక్క యూనిట్ గ్రామం నుంచి 'ఆవాసం'కి మారింది. మాలపల్లికి విడిగా ఒక వరుస, ఎస్టీ తండాకు విడిగా ఒక వరుస. దేశం మొత్తం మీద సుమారు 13 లక్షల ఆవాసాలు తేలాయి. పూర్తిగా అందినవి, కొంత అందినవి, అసలు అందనివి అని మూడు రకాలు చేశారు. ఊరి నీళ్ళను వాడ ఖాతాలో రాయడం మొదటిసారి కష్టమైంది. దానితోపాటు కేంద్ర నిధుల్లో కనీసం 25 శాతం ఎస్సీ ఆవాసాలకు, 10 శాతం ఎస్టీ ఆవాసాలకు ఖర్చుపెట్టాలన్న నియమం ఉంది. ఆ కాలంలో ఎంపీడీవో ఆఫీసు గుమ్మం ఎక్కిన మన కార్యకర్తల చేతిలో ఈ రెండు కాగితాలే ఆయుధాలు.

కానీ రాష్ట్రం దానికీ దారి కనిపెట్టింది. తొంభైల నుంచి ఆంధ్రప్రదేశ్ పెద్దెత్తున సమగ్ర రక్షిత మంచినీటి పథకాలకు మళ్ళింది. ఒక రిజర్వాయరు, ఒక ఫిల్టరు, పదుల ఊళ్ళకు పైపు. సాంకేతికంగా ఫ్లోరైడ్ ప్రాంతాలకు అదే సరైన మార్గం, దాన్ని మేము కాదనం. అయితే అటువంటి పథకంలో ఎస్సీల 25 శాతం ఎక్కడుంది? మొత్తం ఖర్చులోంచి జనాభా నిష్పత్తి తీసి కాగితం మీద 'ఎస్సీ కాంపొనెంట్' అని రాసుకుంటే సరిపోయింది. పైపు చివర వాడలోని కుళాయికి నీళ్ళొచ్చాయా లేదా అన్నదానితో ఆ అంకెకు సంబంధం లేదు. ఉద్యమాల ఒత్తిడితో వచ్చిన 2013 ఉపప్రణాళిక చట్టం కూడా, విడదీయలేని నిర్మాణాల ఖర్చులో ఒక భాగాన్ని ఉపప్రణాళిక కింద చూపించుకోవచ్చని ఒప్పుకుంది. పోరాడి తెచ్చుకున్న చట్టంలోనే ఆ కంత ఉండిపోయింది.

1999 నుంచి గాలి మారింది. 'సంస్కరణల' పేరుతో కేంద్రం 67 జిల్లాల్లో ప్రయోగం మొదలుపెట్టింది. త్వరిత కార్యక్రమం నిధుల్లో 20 శాతం దీనికి పక్కన పెట్టింది. 2002 డిసెంబరు 25న వాజపేయి ప్రభుత్వం స్వజలధార పేరుతో దాన్ని దేశమంతటికీ పరిచింది. నిర్మాణ ఖర్చులో 10 శాతం ఊరివాళ్ళు పెట్టుకోవాలి, నిర్వహణ ఖర్చు పూర్తిగా భరించాలి, ముందు అడిగిన ఊరికి ముందు. 'డిమాండ్' అనే మాట అప్పుడే పంచాయతీ ఆఫీసుల్లోకొచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పులతో సంస్కరణల్లో ముందున్న రాష్ట్రం గనక మనకు ఆ భాష కొత్తేమీ అనిపించలేదు.

మా అభిప్రాయంలో మొత్తం చరిత్రలో మనకు అన్నింటికన్నా నష్టం చేసిన మలుపు ఇదే. హక్కుదారు కాస్తా వినియోగదారు అయ్యాడు. నీళ్ళు లేకపోవడం అర్హత కావడం మానేసి, డబ్బు కట్టగలగడం అర్హత అయింది. వాడలో కూలి చేసుకునేవాళ్ళు వాటా ఎక్కణ్ణుంచి తేవాలి? ఊళ్ళో పెద్దరైతు వాళ్ళందరి తరఫునా కట్టేస్తాడు. కట్టినవాడి పొలం గట్టునో, ఇంటి ముందో ట్యాంకు లేస్తుంది. కమిటీలో ఎస్సీ సభ్యురాలు ఉంటుంది, సంతకం చేయించుకోవడానికి పుస్తకం ఇంటికే వస్తుంది. 73వ సవరణ తాగునీటిని పదకొండో షెడ్యూలులో పంచాయతీలకిచ్చింది గదా, అది వికేంద్రీకరణ కాదా అని మిత్రులు అడుగుతారు. అధికారం కిందికి దిగిన మాట నిజమే. ఊరి దాకా దిగింది. ఊరు దాటి వాడకు రావడానికి ఇంకో మెట్టుంది. 2001–02లో 11 రాష్ట్రాల్లో, మనదీ అందులో ఒకటి, 565 గ్రామాల్లో జరిగిన అస్పృశ్యతా సర్వేలో 48.4 శాతం గ్రామాల్లో దళితులకు నీటి వనరుల దగ్గర అడ్డంకులున్నట్టు తేలింది. స్వజలధార ఊరేగుతున్న సంవత్సరాలవే.

2009 ఏప్రిల్‌లో త్వరిత కార్యక్రమం పేరు జాతీయ గ్రామీణ తాగునీటి కార్యక్రమంగా మారింది. ఆవాసం నుంచి ఇంటి వైపు లెక్క జరగడం మొదలైంది. 2011 జనగణన ప్రకారం ఇంటి ఆవరణలోనే నీళ్ళున్న కుటుంబాలు దేశంలో 46.6 శాతమైతే ఎస్సీల్లో 35.4 శాతం, ఎస్టీల్లో 20 శాతం లోపు. 2015లో పద్నాలుగో ఆర్థిక సంఘం రాష్ట్రాల పన్నుల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. ఆ సాకుతో కేంద్రం తాగునీటి కార్యక్రమానికి కోత పెట్టింది. ఇచ్చే చెయ్యి, లాగే చెయ్యి ఒకటే. 2017 నాటికి గ్రామీణ జనాభాలో సగం మందికి పైపు నీళ్ళన్న లక్ష్యానికి అందింది 18 శాతమని కాగ్ తన నివేదికలో రాసింది.

ఈ మధ్యలో రాష్ట్రం రెండైంది. ఆంధ్రప్రదేశ్ 2014లో ఎన్టీఆర్ సుజల పేరుతో 20 లీటర్ల క్యాన్ 2 రూపాయలకంటూ ప్లాంట్లు పెట్టింది. అది కుళాయి బాధ్యతను క్యాన్ మీదికి తోసెయ్యడమే. తెలంగాణ కేంద్రం కోసం ఆగలేదు. మిషన్ భగీరథను 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర ప్రధాని చేతనే ప్రారంభించింది. నలభై వేల కోట్లు దాటిన అంచనా, ఎక్కువ భాగం అప్పు. దీనికి 19,205 కోట్లు ఇవ్వమని నీతి ఆయోగ్ సిఫారసు చేసింది. కేంద్రం ఇవ్వలేదు. 2019 ఆగస్టు 15న జలజీవన్ మిషన్ ప్రకటించి, ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్నాక, తెలంగాణ అప్పుతో వేసుకున్న నల్లాలు కేంద్రం పట్టికలో నూరు శాతంగా ఎక్కాయి. ముందుగా చేసినవాడికి అప్పు మిగిలింది. చేయలేని రాష్ట్రానికి వేరే ఇబ్బంది ఉంది. సగం వాటా రాష్ట్రం పెడితేనే మిగతా సగం వస్తుంది. పెట్టలేకపోతే రావలసిందీ రాదు. పథకం గడువు 2024తో తీరాల్సింది, 2025 బడ్జెట్లో 2028 దాకా పొడిగిస్తామన్నారు.

నల్లా మనింటి ముందుకు రావడం చిన్న సంగతి కాదు. ఒకే ట్యాంకు, ఒకే నీళ్ళు. పైపులోని నీళ్ళకు ఎవరు ముట్టారో తెలియదు. బోరింగు విడదీసిన చోట నల్లా కలపగలదు. కాని జలజీవన్ నియమాలు చదివితే పాత జబ్బు కొత్తగా కనిపిస్తుంది. ఊరి లోపలి పనుల ఖర్చులో 10 శాతం ప్రజల వాటా. ఎస్సీ, ఎస్టీలు సగానికి మించి ఉన్న గ్రామాలకు 5 శాతమే. ప్రాధాన్యం కూడా వాళ్ళు ఎక్కువగా ఉన్న గ్రామాలకు. వినడానికి బాగానే ఉంది. మన తెలుగు ఊళ్ళలో వాడ ఊరికి అంచున ఉంటుంది, జనాభాలో సగానికి చాలా తక్కువ. మెజారిటీ అయ్యే వాడలెన్ని? అంటే ఆ రాయితీ, ఆ ప్రాధాన్యం మనలో అత్యధికులకు వర్తించవు. తొంభైల్లో ఆవాసం లెక్కతో విడిగా కనపడ్డ వాడ, గ్రామం శాతాల లెక్కతో మళ్ళీ ఊళ్ళో కలిసిపోయి మాయమైంది. కలవాల్సిన చోట కలవనివ్వరు, లెక్కలో మాత్రం కలిపేస్తారు.

పట్టికలో 'కనెక్షన్ ఇచ్చాం' అని ఉంటుంది. నీళ్ళు ఎన్ని నిమిషాలొచ్చాయో ఉండదు. వాడలు పల్లంలో ఉంటాయి గనక మీకే ఎక్కువ రావాలి అని ఇంజనీర్లు అంటుంటారు. దారిలో ఊరివాళ్ళ ఇళ్ళలో పైపుకు తగిలించిన మోటార్ల సంగతి వాళ్ళకూ తెలుసు. వాల్వు ఎవరి చేతిలో ఉందో, ఏ వీధికి ముందు తిప్పుతారో, అదే ఇవాళ్టి బావి గట్టు. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టం, ఉమ్మడి వనరుల జాబితాలో బావి, చెరువుల పక్కన కుళాయిని కూడా పేరుపెట్టి చేర్చింది. వాల్వు ఆపినవాడి మీద ఆ క్లాజు ఎలా పెట్టాలో మన న్యాయవాద మిత్రులు ఆలోచించాలి.

2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది గనక 2011 తర్వాత ఇంటింటి అంకె మన చేతిలో లేదు. అందాకా విద్యార్థి మిత్రులు చేయగల పని ఒకటుంది. 20 లీటర్ల డబ్బా, చేతి గడియారం చాలు. అయిదుగురున్న ఇంటికి రోజుకు 275 లీటర్లు రావాలి, అంటే దాదాపు 14 డబ్బాలు. డబ్బా నిండడానికి అయిదు నిమిషాలు పట్టి, వాల్వు అరగంటే తెరిస్తే ఆరు డబ్బాలు, మనిషికి 24 లీటర్లు. 1970ల నాటి 40 లీటర్లు కూడా కాదు. ఇదే కొలత ఒకే రోజున ఊరి మధ్య కుళాయి దగ్గర, వాడ చివరి కుళాయి దగ్గర తీసి, తేదీ, టైము వేసి, రెండూ పక్కపక్కన రాసి గ్రామసభలో చదవండి. సెక్రటరీ మినిట్స్ పుస్తకంలో ఆ రెండంకెలూ ఎక్కేదాకా అక్కణ్ణుంచి లేవొద్దు.